జావా పల్లెలో 'కూలి' ఎవరు? : భూమి, వెట్టి, ప్రయాణం

ఊరూరా కైఫీయతులు రాయించిన కల్నల్ కాలిన్ మెకంజీ పేరు మన దగ్గర చరిత్ర చదువుకున్న వాళ్ళందరికీ తెలుసు. ఆయన 1811 నుంచి 1813 దాకా జావా ద్వీపంలో ఉన్నాడనీ, 1812 జూన్‌లో బ్రిటిష్ సైన్యం యోగ్యకర్త సుల్తాన్ కోటను కొల్లగొట్టినప్పుడు అక్కడే ఉన్నాడనీ, జావాలో భూమి హక్కుల మీద విచారణ జరిపిన కమిషన్‌కు అధ్యక్షుడయ్యాడనీ మాత్రం చాలామందికి తెలియదు. కైఫీయతుల్లో కరణాలూ పెత్తందార్లూ చెప్పిందే ఊరి చరిత్రగా నిలిచిపోయింది. వాడలో ఉన్నవాణ్ణి అడిగినవాడు లేడు. జావాలోనూ తెల్ల అధికారికి ఎదురుగా నిలబడి జవాబు చెప్పగలిగింది గ్రామాధికారే. అదే 1812లో లండన్‌లో అచ్చయిన ఐదవ నివేదిక మన గ్రామాన్ని చిన్నపాటి రిపబ్లిక్కు అన్నది. ఆ తర్వాత వందేళ్ళకు పైగా డచ్చివాళ్ళు జావా పల్లె గురించి కూడా దాదాపు అదే మాట చెప్పారు. అందరూ సమానం, భూమి అందరిదీ, పని అందరిదీ అన్నారు. స్వతంత్రం వచ్చాక ఇండోనేషియా పాలకులు దానికే 'గోతొంగ్ రొయొంగ్' అని పేరు పెట్టి జాతీయ సుగుణం చేశారు. ఆ మాటకు అర్థం కలిసి మోయడం.

ఊరంటే ఎవరు, వాడ ఊళ్ళో భాగమా కాదా అన్న ప్రశ్నతోనే పుట్టి పెరిగిన మనకు ఇలాంటి మాట వినగానే అనుమానం రావాలి. కలిసి మోసింది సరే, ఎవరి బరువును ఎవరు మోశారు? ఈ వ్యాసంలో మేము దక్షిణ-మధ్య జావాలోని యోగ్యకర్త చుట్టుపక్కల పల్లెల్ని, ముఖ్యంగా బంతుల్, కులోన్ ప్రోగో ప్రాంతాల్ని తీసుకుని ఈ ప్రశ్న అడుగుతున్నాం.

ఒక మాటతో మొదలుపెడదాం. మన భాషలో కూలి అంటే భూమి లేనివాడు, రెక్కలమ్ముకుని బతికేవాడు. ప్రపంచమంతా తిరిగిన ఆ మాట పుట్టుక గురించి పండితుల్లో తగాదాలున్నాయి గానీ, తమిళ తెలుగుల 'కూలి' నుంచే పోయిందనే వాదన బలంగానే ఉంది. అదే మాట జావా పల్లెలో 'కులి' అయింది. అయితే అక్కడ 'కులి కెంచెంగ్' అంటే వరి పొలమూ ఇంటి దొడ్డీ రెండూ ఉన్న పూర్తి హక్కుదారు, అంటే ఊళ్ళో పెద్దరైతు లాంటివాడు! పొలం ఉండి దొడ్డి లేనివాడు 'కులి గుండుల్'. దొడ్డి ఉండి పొలం లేనివాడు 'కులి కరంగ్ కొపెక్'. ఈ రెండూ లేక ఇంకొకరి దొడ్లో గుడిసె వేసుకున్నవాడు 'ఇండుంగ్ త్లోసోర్'. చూడండి, అందరికన్నా ఎక్కువ కష్టం చేసేవాడికే కూలి అన్న పేరు కూడా దక్కలేదు.

ఇలా ఎందుకయిందో తెలియాలంటే అక్కడి భూమి సంగతి చూడాలి. యోగ్యకర్త, సురకర్త రాజ్యాల్లో భూమంతా రాజుది. రాజు తన బంధువులకూ ఉద్యోగులకూ జీతం బదులు ఊళ్ళు రాసిచ్చేవాడు. అలా ఊరిని పొందినవాణ్ణి 'పతుహ్' అంటారు. పతుహ్ రాజధానిలో ఉంటాడు, పొలం గట్టు తొక్కడు. అతని తరఫున 'బెకెల్' అనే మధ్యదళారీ ఊళ్ళో కూర్చుని వసూలు చేస్తాడు. పంటలో ఐదింట రెండు పాళ్ళు పతుహ్‌కు, ఒక పాలు బెకెల్‌కు, మిగిలిన రెండు పాళ్ళు సాగుచేసినవాడికి అన్నది లెక్క. దీనికి తోడు వెట్టి ఉంది. రోడ్లు వేయాలి, కోటకు కట్టెలు మోయాలి, దొర ఇంట పెళ్ళయితే పోయి పనిచేయాలి, రాత్రి కాపలా కాయాలి. ఈ వెట్టి బాధ్యత నెత్తిన ఉన్న కుటుంబానికే పొలం మీద హక్కు. అంటే భూమికి పట్టా వెట్టే. 'కులి' అన్న పేరు అక్కడ పెద్దరైతుకు ఎందుకు అంటుకుందో ఇప్పుడు అర్థమవుతుంది గదా. అతను రాజుకు కూలి, ఊరికి ఆసామి.

మరి ఆ వెట్టిని నిజంగా చేసిందెవరు? పొలం పేరున ఉన్నవాడు తన దొడ్లో తలదాచుకున్న వాణ్ణి పంపేవాడు. గుడిసె వేసుకోనిచ్చినందుకు, పూటకింత అన్నం పెట్టినందుకు బదులుగా ఆ పని. డచ్చి ప్రభుత్వం నేరుగా ఏలిన ప్రాంతాల్లో 1830లో మొదలైన నిర్బంధ సాగు విధానం ఈ పద్ధతిని ఇంకా బిగించింది. ఊరి భూమిలో ఐదో వంతు చెరకుకో నీలిమందుకో వదలాలని కాగితం మీద రాసుకున్నారు. ఆచరణలో అది చాలాచోట్ల పెరిగిపోయింది. 1850ల్లో డచ్చి ఖజానా ఆదాయంలో సుమారు మూడో వంతు జావా నుంచి పోయింది. అదే కాలంలో, 1849-50లో, దెమాక్, గ్రొబొగన్ ప్రాంతాల్లో జనం ఆకలితో చచ్చారు. యోగ్యకర్త రాజ్యంలో ఈ విధానం లేదు. అక్కడ తెల్ల తోటల యజమానులు పతుహ్‌ల దగ్గర ఊళ్ళకు ఊళ్ళే కౌలుకు తీసుకునేవారు. ఊరు కౌలుకొస్తే ఊరి వెట్టి కూడా దాంతోపాటే వస్తుంది. చక్కెర మిల్లు దొర పతుహ్ స్థానంలో కూర్చున్నాడు, అంతే తేడా.

1912 నుంచి 1918 దాకా జరిగిన సంస్కరణలో పతుహ్, బెకెల్ వ్యవస్థ పోయింది. సాగుచేసే కుటుంబాలకు వారసత్వంగా అనుభవించే హక్కు ఇచ్చారు. జావా చరిత్రలో దీన్ని పెద్ద మేలుగా రాస్తారు. మేలే, కాదనం. కానీ రికార్డులో ఎక్కింది ఎవరి పేరు? అప్పటిదాకా కులిగా లెక్కలో ఉన్నవాడి పేరే. అతని దొడ్లో ఉండి అతని బదులు రాళ్ళు మోసినవాడి పేరు ఎక్కడా ఎక్కలేదు. మన దగ్గర సర్వే సెటిల్‌మెంట్లలో తరాలుగా దున్నినవాడు జారిపోయి పటేలు పేరు నిలబడ్డట్టే ఇదీ. గ్రామాధికారి అయిన 'లురా'కు అప్పట్లో జీతం ఉండేది కాదు. అతనికి 'బెంకొక్' అనే మాన్యం ఉంటుంది. ఊరి వరి పొలాల్లో మంచి ముక్క అదే. ఆ మాన్యం దున్నేది, దాన్ని కౌలుకు పట్టేది భూమి లేనివాళ్ళే. కాబట్టి లురాతో తగువు పెట్టుకునే ధైర్యం వాళ్ళకు ఉండదు.

ఇక ఓటు విషయం. సుల్తాన్ తొమ్మిదవ హమెంగ్కు బువోనో దగ్గర ఉద్యోగం చేసిన సెలో సుమార్జాన్ అనే సామాజిక శాస్త్రవేత్త 1962లో అచ్చయిన తన పుస్తకంలో ఈ మార్పుల్ని వివరంగా రాశాడు. పాత పద్ధతిలో ఊరి సభలో కూర్చునేది, లురాను ఎన్నుకునేది కులులు మాత్రమే. 1946లో, డచ్చివాళ్ళతో యుద్ధం నడుస్తుండగానే, యోగ్యకర్తలో పల్లెల్ని కలిపి పెద్ద గ్రామాలు చేసి 18 ఏళ్ళు నిండిన ఆడా మగా అందరికీ ఓటు ఇచ్చారు. దొడ్డి కూడా లేనివాడు ఊరి మనిషిగా లెక్కకొచ్చింది అప్పుడే. అయితే అందరూ ఓటు వేసినా గెలిచింది మాత్రం చాలాచోట్ల పాత కుటుంబాలవాళ్ళే.

పేదవాడి ఆస్తి ఏమిటన్న ప్రశ్నకు జావా పల్లెలో జవాబు దొడ్డి. దాన్ని 'పెకరంగన్' అంటారు. ఇంటిచుట్టూ పదిహేను ఇరవై గుంటల జాగా ఉంటే అందులో కొబ్బరి, అరటి, పనస, వెదురు, కింద కర్రపెండలం, అల్లం, పసుపు, మూలన కోళ్ళు. దూరం నుంచి చూసేవాడికి అది అడవిలా కనిపిస్తుంది. లోపలికి పోతే ప్రతి మొక్కకూ లెక్క ఉంటుంది. ఇమోగిరి దగ్గరున్న స్రిహర్జో అనే ఊరిని మస్రి సింగారింబున్, డేవిడ్ పెన్నీ అధ్యయనం చేసి 1973లో ప్రచురించారు. ఒక కుటుంబానికి ఎంత ఉంటే 'చుకుపన్', అంటే సరిపడా ఉన్నట్టు అని వాళ్ళు ఊరివాళ్ళనే అడిగారు. 0.7 హెక్టారు వరి పొలం, 0.3 హెక్టారు దొడ్డి అని జవాబొచ్చింది. మన కొలతలో ఎకరం ముప్పై గుంటల మాగాణి, ముప్పై గుంటల దొడ్డి. ఇది ఆశపోతు కోరిక కాదు. అయినా ఊళ్ళో ఆ మాత్రం ఉన్నవాళ్ళను వేళ్ళమీద లెక్కపెట్టవచ్చు. మిగిలినవాళ్ళు కొబ్బరిచెట్లు ఎక్కి కల్లు దించి బెల్లం కాచి బతికారు. పొద్దునా సాయంత్రం రెండుసార్లు ఎక్కాలి. చెట్టు ఇంకొకరిదైతే దించిన దాంట్లో సగం చెట్టు ఆసామిదే. మగవాడు చెట్టెక్కితే ఆడది పొయ్యి దగ్గర గంటల తరబడి కలుపుతూ కూర్చోవాలి. వంటచెరకు ఏరుకొచ్చేది పిల్లలు. చెట్టు మీంచి పడ్డవాడికి ఏ లెక్కా లేదు.

కులోన్ ప్రోగోలో 1972-73లో పనిచేసిన బెంజమిన్ వైట్ ఇంటింటి పని గంటలు లెక్కవేశాడు. పల్లెవాళ్ళకు పనిలేదు, ఖాళీగా కూర్చుంటారు, ఉన్నదే పంచుకు తింటారు అని అప్పటిదాకా చెలామణి అయిన మాట తప్పని తేలింది. అమెరికన్ పండితుడు క్లిఫర్డ్ గీర్ట్జ్ 1963లో దీనికి 'పేదరికాన్ని పంచుకోవడం' అని పేరు పెట్టాడు. వినడానికి బాగుంటుంది. పంచుకున్నది పేదలే పేదలతో గానీ, బెంకొక్ మాన్యాన్ని ఎవరూ పంచలేదని మాత్రం ఆ పేరు చెప్పదు. వైట్ లెక్కల్లో పేద ఇళ్ళవాళ్ళు రోజుకు నాలుగైదు రకాల పనులు చేస్తున్నారు. ఇంటిపని కలుపుకుంటే మగవాళ్ళ కన్నా ఆడవాళ్ళ గంటలే ఎక్కువ. చాప అల్లడం, వరి దంచడం, సంతకు పోవడం అన్నీ ఆడవాళ్ళవే.

జావాలో సంత ఏడు రోజుల వారం ప్రకారం నడవదు. లెగి, పహింగ్, పోన్, వాగె, క్లివోన్ అని ఐదు రోజుల వారం ఒకటుంది. ఒక్కో ఊరి సంత ఒక్కో రోజున. కాబట్టి 'బకుల్' అనే చిల్లర వ్యాపారం చేసే ఆడమనిషి ఐదు రోజులూ ఐదు ఊళ్ళు తిరగవచ్చు. వీపున బుట్ట, దాన్ని భుజం మీదుగా కట్టిన పొడుగాటి గుడ్డ, తెల్లవారకముందే నడక. డబ్బు ఆమె దగ్గరే ఉంటుంది. జావా స్త్రీకి స్వేచ్ఛ ఉందని దీన్ని చూపి రాసినవాళ్ళున్నారు. ఉంది, కొంతవరకు. భూమి లేని ఇంట ఆమె నడకే పొలం అన్న సంగతి కూడా రాసి ఉంటే బాగుండేది.

ఇదంతా చదివాక మన విద్యార్థులు అడిగే ప్రశ్న ఒకటుంది: మరి అక్కడ కులం ఉందా? మన అర్థంలో లేదు. అంటరానితనం లేదు. 'స్లమెతన్' అనే ఊరి విందులో ఇరుగుపొరుగు పక్కపక్కనే చాప మీద కూర్చుని తింటారు. ఈ తేడాను తక్కువ చేసి చూపితే మన అనుభవానికే అన్యాయం చేసినట్టు. అయితే రెండు విషయాలు గమనించాలి. ఒకటి కలంగ్ జాతి. మధ్య జావాలో అడవిపని, బండితోలకం చేసిన వీళ్ళు కుక్కకు పుట్టారనీ, వీళ్ళకు తోక ఉంటుందనీ కథలు అల్లారు. రెండోది భాష. జావా భాషలో పెద్దవాడితో మాట్లాడే 'క్రొమో', చిన్నవాడితో మాట్లాడే 'ఙోకో' రెండూ వేర్వేరు మాటలు. కింది మనిషి క్రొమోలో మాట్లాడితే పై మనిషి ఙోకోలో జవాబిస్తాడు. మన ఊళ్ళలో అరవై ఏళ్ళ పాలేరును దొర కొడుకు 'ఏరా' అన్నట్టే. 1917లో సురబయాలో జావా దీపా అనే ఉద్యమం అందరూ అందరితో ఙోకోలోనే మాట్లాడాలన్నది. దానికి ముందే, 1890ల నుంచి, బ్లోరా ప్రాంతంలో సురొంతికో సామిన్ అనే రైతు అనుచరులు ఆ పని చేసి చూపించారు. డచ్చి అధికారితో కూడా ఙోకోలోనే మాట్లాడారు, పన్ను కట్టం, వెట్టి చేయం అన్నారు. సర్వేవాళ్ళు గొలుసు తెస్తే పొలంలో వెల్లకిలా పడుకుని ఇది నాది అన్నారు. 1907లో సామిన్‌ను పట్టుకుని సుమత్రాకు ప్రవాసం పంపారు. 1914లో అక్కడే చనిపోయాడు.

ఇక ప్రయాణం. జావా రైతు పుట్టిన ఊరు వదలడు అన్నది ఇంకో కట్టుకథ. బెకెల్ పీడన ఎక్కువైతే రాత్రికి రాత్రే ఊరు ఖాళీచేసి పోవడం పాత రాజ్యాల కాలం నుంచీ ఉన్న పోరాటమే. తెల్లబట్టలు కట్టుకుని రాజధానికి నడిచి, కోట ముందు మైదానంలో ఎండలో కూర్చోవడాన్ని 'పెపె' అంటారు. రాజు పిలిచి అడిగేదాకా లేవరు. పాలకులకు ఈ నడకంటే భయం. అందుకే జనం కదలికల్ని కాగితాలతో కట్టేయాలని చూశారు. అయితే తమకు అవసరమైనప్పుడు మాత్రం ఎంత దూరమైనా పంపారు. జావాలో మొదటి రైలు 1867లో సెమరాంగ్ నుంచి కదిలింది. 1873కల్లా సురకర్త, యోగ్యకర్తలకు చేరింది. అది వేసింది రైతు కోసం కాదు, చక్కెర కోసం. అదే రైలు ఎక్కి భూమి లేనివాళ్ళు రేవుకు చేరారు. సుమత్రాలోని దెలి పొగాకు తోటలకు ఒప్పందం మీద పోయినవాళ్ళు 1880 కూలీ చట్టం కింద పని మానితే జైలుకు పోవాలి. ఈ శిక్షాధికారాన్ని 1931లో గానీ తీసేయలేదు. తోటల్లో జరిగిన కొరడా దెబ్బల మీద 1904లో రెమ్రెవ్ అనే ప్రాసిక్యూటర్ నివేదిక రాస్తే డచ్చి ప్రభుత్వం దాన్ని తొక్కిపెట్టింది. దాన్ని 1987లో యాన్ బ్రెమన్ బయటపెట్టాడు. 1890 నుంచి 1939 వరకు దాదాపు 33 వేలమంది జావా మనుషులు దక్షిణ అమెరికాలోని సురినామ్‌కు పోయారు. 1905లో కెదు ప్రాంతం నుంచి 155 కుటుంబాలను లాంపుంగ్‌లోని గెదొంగ్ తతాన్‌కు తరలించారు. ఇండోనేషియా ప్రభుత్వం తర్వాత నడిపిన 'ట్రాన్స్‌మిగ్రాసి' వలసలకు మొదలు అదే.

ఈ ఓడల్లో ఎక్కాకే ఇండుంగ్ త్లోసోర్ 'కులి' అయ్యాడు. ఊళ్ళో ఆసామికి గౌరవమైన పేరు, తోటలో బానిసకు తిట్టు.

1942లో జపాన్ సైన్యం వచ్చింది. 'రొముషా' అనే నిర్బంధ శ్రమకు ఊరికి ఇంతమంది అని లురాకు లెక్క ఇచ్చారు. లురా ఎవరిని పంపుతాడు? తన వాళ్ళను పంపడు గదా. భూమి లేని ఇళ్ళ యువకులే పోయారు. అలా పోయినవాళ్ళలో కొందరు సయాం-బర్మా రైలుమార్గంలో చచ్చిపోయారు. మలయా రబ్బరు తోటల నుంచి పట్టుకుపోయిన మన తెలుగు, తమిళ కూలీలు ప్రాణాలు విడిచింది కూడా ఆ పట్టాల పక్కనే. ఆ మార్గం పేరు చెబితే అందరికీ గుర్తొచ్చేది తెల్ల యుద్ధఖైదీలే. చచ్చినవాళ్ళలో ఆసియా కూలీలే ఎక్కువ.

స్వతంత్రం వచ్చాక 1960లో భూమి చట్టం వచ్చింది. జనం కిక్కిరిసిన జిల్లాల్లో మాగాణికి 5 హెక్టార్లు పరిమితి. అదే ఏడు కౌలు పంపకం చట్టం కూడా. మన దగ్గరిలాగే చట్టం కాగితం మీద, భూమి బినామీ పేర్ల మీద. 1963 చివరి నుంచి, 1964లో మరింతగా, ఇండోనేషియా రైతు సంఘం బి.టి.ఐ. మిగులు భూముల్ని సొంతంగా ఆక్రమించడం మొదలుపెట్టింది. యోగ్యకర్త పక్కనున్న క్లాతెన్‌లో ఇది తీవ్రంగా జరిగింది. 1965 అక్టోబరు నుంచి సైన్యం, దాని అండతో ఊరి పెద్దలు, మతసంస్థల యువకులు జరిపిన హత్యాకాండలో 5 లక్షల నుంచి 10 లక్షల మంది చనిపోయారని అంచనాలు. దీన్ని కమ్యూనిస్టుల మీద దాడి అని మాత్రమే రాస్తే సగం కథే చెప్పినట్టు. పల్లెల్లో అది భూమి అడిగినవాడి మీద దాడి. పంచిన భూమిని చాలాచోట్ల పాత ఆసాములు వెనక్కి లాక్కున్నారు. జైలు నుంచి తిరిగొచ్చినవాళ్ళ గుర్తింపు కార్డు మీద 'ఇ.టి.' అని ముద్ర వేశారు, అంటే మాజీ రాజకీయ ఖైదీ. ఆ ముద్ర ఉన్నవాడు ఊరు దాటాలంటే అనుమతి, ఊళ్ళోకి చుట్టం వస్తే 24 గంటల్లో చెప్పాలి. పిల్లలకు ప్రభుత్వ ఉద్యోగం లేదు. కులం లేని దేశంలో పుట్టుకతో అంటుకునే మచ్చ ఎలా తయారవుతుందో చూడాలంటే ఇదొక్కటి చాలు.

భూమి అడిగే గొంతు లేని పల్లెలోకి 1970ల్లో హరిత విప్లవం దిగింది. అంతకు ముందు కోతకు ఎవరైనా రావచ్చు. ఆడవాళ్ళు 'ఆనిఆని' అనే వేళ్ళ మధ్య ఇమిడే చిన్న కత్తితో ఒక్కో వెన్ను కోసి, కోసినదాంట్లో 'బవోన్' అనే పాలు తీసుకునేవాళ్ళు. కొత్త వంగడాలు వచ్చాక ఆసామి నిలబడ్డ పైరునే దళారికి అమ్మడం పెరిగింది. దీన్ని 'తెబాసన్' అంటారు. దళారి కొడవలి పట్టిన నలుగురు మగవాళ్ళను తెచ్చుకుంటాడు. ఊరివాళ్ళు గట్టు మీద నిలబడి చూడాలి. అదే సమయంలో రైసు మిల్లులొచ్చి దంపుడు పని పోయింది. 1984లో ఇండోనేషియా బియ్యంలో స్వయంసమృద్ధి సాధించిందని సుహార్తో ప్రకటించాడు. రోకలి పోయిన ఆడవాళ్ళ లెక్క ఆ ప్రకటనలో లేదు. వాళ్ళు 'కోల్ట్' అని పిలిచే జపాన్ వ్యాన్లు ఎక్కి పట్నం పోయారు, ఇళ్ళల్లో పనికి, కట్టడాల దగ్గర ఇసుక మోయడానికి. 1980ల నుంచి సౌదీకి, మలేషియాకు, హాంకాంగ్‌కు. గల్ఫ్‌లో మన కడప, గోదావరి జిల్లాల ఆడవాళ్ళు పనిచేసే వీధుల్లోనే జావా ఆడవాళ్ళూ పనిచేస్తున్నారు. ఇద్దరి పాస్‌పోర్టులూ యజమాని బీరువాలో ఉండటం మామూలు.

2012లో యోగ్యకర్త ప్రత్యేక చట్టం వచ్చి సుల్తాన్ భూములూ, పక్కనే ఉన్న చిన్న రాజవంశం పాకు ఆలమ్ భూములూ మళ్ళీ కోటల ఆస్తే అన్నది. అప్పుడే కులోన్ ప్రోగో సముద్ర తీరాన, తెమోన్ ప్రాంతంలోని ఐదు గ్రామాల్లో, కొత్త విమానాశ్రయం కోసం భూసేకరణ మొదలైంది. ఇసుక నేలలో మిరప, పుచ్చ పండించి బతుకుతున్నవాళ్ళు ఒప్పుకోలేదు. డబ్బు తీసుకోనివాళ్ళ పేరున సొమ్మును కోర్టులో జమచేసి, 2017-18లో పోలీసుల్ని పెట్టి ఇళ్ళు కూల్చారు. 2019లో కొన్ని విమానాలు, 2020 మార్చి నుంచి చాలావరకు అక్కడే దిగుతున్నాయి. పాకు ఆలమ్ భూమికి పరిహారం కోటకు పోయింది. ఆ భూమి దున్నినవాళ్ళకు దక్కింది 'తాలి అసిహ్', అంటే ప్రేమతో ఇచ్చే కానుక. ఇండోనేషియా భూసేకరణ చట్టం పరిహారానికి లెక్కగట్టేవాటి జాబితాలో భూమి ఉంది, ఇల్లు ఉంది, చెట్టు ఉంది, భూమికి అంటుకుని ఉన్న ప్రతి వస్తువూ ఉంది. మిరపకాయలు ఏరడానికి పొరుగూరి నుంచి నడిచొచ్చే ఆడమనిషి దినకూలి ఆ జాబితాలో లేదు.